సబ్‌వే టైల్స్‌కి ఆ పేరు తెచ్చిన స్టేషన్లలో ఒకటి: ఆస్టర్ ప్లేస్ రివ్యూ

నమస్తే అండీ. మన విజయనగరంలో టైల్స్ షాపుకెళ్తే కిచెన్ గోడకి ఇటుక ఆకారంలో తెల్లవి చూపించి 'సబ్‌వే టైల్స్' అంటారు కదా. ఆ పేరు పుట్టింది ఇక్కడే, న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్లలో. నేనున్నది ఆస్టర్ ప్లేస్. 1904 అక్టోబర్ 27న ప్రారంభమైన మొదటి లైన్‌లో 28 స్టేషన్లుండేవి, అందులో ఇదొకటి. మా నాన్న టైల్స్ మేస్త్రీ. అందుకే ఎక్కడికెళ్లినా నా కళ్లు ముందు గోడ మీదికే పోతాయి.

మనం నేలా గోడా కలిసే చోట స్కర్టింగ్ వేస్తాం, దుమ్మంతా ఆ మూలలోనే పేరుకుంటుంది. ఈ లైన్ కట్టినప్పుడు ఆ మూలని గుండ్రంగా తిప్పేశారు, కడిగితే మురికి నిలవకుండా. దానిపైన మనుషులు తగిలే ఎత్తు వరకు ఇటుక గానీ పాలరాయి గానీ. ఆ పైన 3 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల పొడవున్న తెల్ల టైల్. భూమి లోపల వెలుతురు తక్కువ కాబట్టి, ఉన్న కాస్త లైటూ ఆ నునుపు తెలుపు మీద పడి చుట్టూ పరుచుకుంటుంది. హైన్స్, లాఫార్జ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టుల పని ఇది. ఎంత ఆలోచించారో చూడండి!

లేఔట్ తేలికే. నాలుగు పట్టాలు, రెండు వైపులా ప్లాట్‌ఫారాలు, మధ్య పట్టాల మీద ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండా పోతాయి. లోపల ఒక వైపు నుంచి ఇంకో వైపుకి దారి లేదు. ఇది నాకు నచ్చలేదు. మెట్లు దిగేముందే ఎటు పోవాలో బోర్డు చూసుకోవాలి.

ఇప్పుడు అసలైంది, గోడ మీదున్న ఈ బిళ్ళ. దాని మీద చెట్టు మొద్దు కొరుకుతున్న బీవర్, అంటే నీళ్ల దగ్గరుండే ఎలుక జాతి జంతువు. ఆస్టర్ అనే వ్యాపారి బీవర్ తోళ్లు అమ్మి కోటీశ్వరుడయ్యాడు, ఆయన పేరే ఈ చోటుకి. మనం 'గంటస్తంభం దగ్గర', 'మూడు లాంతర్ల దగ్గర' అని చెప్పుకున్నట్టే, రైల్లోంచి ఈ బొమ్మ కనిపిస్తే చాలు, దిగాల్సిన చోటు వచ్చేసినట్టే. ఇలాగే ఫుల్టన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఆవిరి పడవ బొమ్మ, కొలంబస్ సర్కిల్ స్టేషన్‌లో ఓడ బొమ్మ. 1980లలో ఈ స్టేషన్‌ని బాగుచేసినప్పుడు కూడా బీవర్లని ఉంచారు. ఎంత మంచి పని!

నిన్న ఫొటో పంపితే నాన్న బొమ్మ సంగతి అడగలేదు, 'చుట్టూ టైల్ ముక్కలు ఎలా కోశార్రా?' అన్నారు. ఉండండి, దగ్గరగా చూపిస్తాను.