జీవితాంతం ఉచితం అన్నదెవరు?

అక్క: రికార్డవుతోందా? ఈసారైనా?

తమ్ముడు: ఎర్ర లైటు వెలుగుతోంది అక్కా. పోయినసారిలా కాదు.

అక్క: సరే. ఇవాళ ట్రైకేర్, అంటే అమెరికా సైనికులు, రిటైరైనవాళ్ళు, వాళ్ళ కుటుంబాల ఆరోగ్య పథకం. అమెరికా సైన్యం తన వైద్యంలోకి మేనేజ్డ్ కేర్‌ని, అంటే ఎవరికి ఎక్కడ చూపించుకోవాలో పథకమే చూసి ఖర్చు అదుపు చేసే పద్ధతిని, ఎలా తెచ్చుకుందో చూద్దాం. అంతకుముందు చాంపస్ అనే పథకం ఉండేది. సైనికుల కుటుంబాలు, రిటైరైనవాళ్ళు బయటి డాక్టరుకి చూపించుకుంటే బిల్లులో చాలా భాగం ప్రభుత్వమే కట్టేది. ఖర్చు చేయి దాటింది. 1988లో కాలిఫోర్నియా, హవాయిల్లో ఒక కంపెనీకి కాంట్రాక్టిచ్చి...

తమ్ముడు: 40 మైళ్ళ సంగతి చెప్పవేం?

అక్క: తీశాడమ్మా స్కేలు!

తమ్ముడు: నవ్వకు. మిలిటరీ ఆసుపత్రికి 40 మైళ్ళ లోపు ఇల్లుంటే, ప్రాణం మీదికొస్తే తప్ప, బయట అడ్మిట్ అయ్యేముందు ‘మా దగ్గర కుదరదు’ అని ఆ ఆసుపత్రి కాగితం రాసివ్వాల్సి వచ్చేది. అసలు బీజం అదే.

అక్క: నీకన్నీ అక్కడే మొలుస్తాయి. ట్రైకేర్‌ని 1995లో వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో మొదలెట్టి 1998కల్లా దేశమంతా తెచ్చారు. అప్పుడు ప్రైమ్, ఎక్స్‌ట్రా, స్టాండర్డ్ అని మూడు దారులుండేవి. ప్రైమ్‌లో చేరితే మన డాక్టరు పంపితేనే స్పెషలిస్టు. జేబు ఖర్చు తక్కువ. రిటైరైనవాళ్ళ కుటుంబానికి ఏడాదికి 460 డాలర్ల ఫీజు ఉండేది.

తమ్ముడు: అదిగో! జీవితాంతం వైద్యం ఉచితమని చెప్పేగా సైన్యంలో చేర్చుకున్నారు?

అక్క: చెప్పింది రిక్రూటర్లు. 1956 చట్టం చూడు, రిటైరైనవాళ్ళకి మిలిటరీ ఆసుపత్రిలో ఖాళీ ఉంటేనే వైద్యం.

తమ్ముడు: పద్దెనిమిదేళ్ళ కుర్రాడు చట్టం చదివి సంతకం పెడతాడా? యూనిఫాంలో ఉన్న మనిషి చెబితే అది సర్కారు మాటే!

అక్క: అరవకు, మైకు పగులుతుంది. 460 డాలర్లు 2011 దాకా ఒక్క సెంటు పెంచలేదు తెలుసా?

తమ్ముడు: డబ్బు కాదక్కా. రిటైరైనవాళ్ళ లెక్కలో అది ఇన్సూరెన్స్ కాదు, బాకీ. బాకీ తీర్చమంటే ఫీజు కట్టమన్నారు. పైగా 65 దాటినవాళ్ళని మెడికేర్‌కి, అంటే ముసలివాళ్ళ సర్కారు ఇన్సూరెన్స్‌కి పొమ్మన్నారు. సైనిక స్థావరాలు మూసేస్తుంటే ఇక ఆసుపత్రిలో ఖాళీ ఎక్కడిది?

అక్క: ...ఆ మాట నిజమే.

తమ్ముడు: బడ్ డే అని ఒక పైలట్, వియత్నాంలో అయిదేళ్ళకు పైగా బందీ. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఉన్న మనిషి. లాయరై, ముసలివాళ్ళ తరఫున తన ప్రభుత్వం మీదే కేసు నడిపాడు.

అక్క: ఓడిపోయాడుగా. 2002లో, జడ్జీల్లో 9-4 తేడాతో. ఆ మాట ఇచ్చే అధికారం ఇచ్చినవాళ్ళకి లేదంది కోర్టు.

తమ్ముడు: అధికారం లేని మాట నమ్మి ఇరవయ్యేళ్ళు పనిచేశారు.

అక్క: ఉండు. ఆ తీర్పుకి ముందే, 2001 అక్టోబరు నుంచి, 65 దాటినవాళ్ళకి, మెడికేర్ కట్టగా మిగిలిన ఖర్చు భరించే ట్రైకేర్ ఫర్ లైఫ్ ఇచ్చింది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు. కోర్టులో కాకపోయినా బయట గెలిచినట్టే.

తమ్ముడు: మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం పార్ట్ బి ప్రీమియం కడితేనే!

అక్క: నిన్ను మెప్పించడం ఎవరి తరమూ కాదు. కాంట్రాక్టు కంపెనీల గురించి ఒక్క ముక్కా చెప్పలేదు, ఇవాళ్టి విషయమే అది.

తమ్ముడు: చెప్పు మరి. మొదట 12 ప్రాంతాలు గీశారు కదా, గీసేటప్పుడు ఆ 40 మైళ్ళు...

అక్క: ఆపేస్తున్నా.