పాత బైకు వెనక ఎత్తు పెంచాలా? ముందు టేపు పట్టండి

[బైకు పక్క నుంచి. వెనక చక్రం, షాకు స్పష్టంగా కనిపించాలి]

అన్నా నమస్తే. మన కడపలో ఏ లేత్ షాపు ముందు కాసేపు నిలబడినా, పాత ఆరెక్స్ హండ్రెడ్డో పాత స్ప్లెండరో తోలుకొచ్చి వెనక లేపించమని అడిగే పిల్లోడు ఒకడు కనిపిస్తాడు. ఎందుకురా అంటే ఇద్దరెక్కితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోందన్నా అంటాడు, లేదంటే లుక్కు కోసమని నవ్వుతాడు. లుక్కు మీ ఇష్టం, దానికి నేను అడ్డం రాను. రాసుకుంటోందని వచ్చే బండికి మాత్రం చాలాసార్లు కొత్త స్ప్రింగు వేస్తే పని అయిపోతుంది, లేపాల్సిన అవసరమే రాదు.

అది తేలాలంటే కొలవాలి. కంటితో చూసి చెప్పే యవ్వారం కాదు.

[టేపు క్లోజప్. యాక్సిల్ నట్టు మీద వేలు]

మెయిన్ స్టాండ్ వేయండి, వెనక చక్రం గాల్లో ఉండాలి. యాక్సిల్ నట్టు నడిమధ్య నుంచి నిట్టనిలువుగా పైకి, సీటు కింద ఫ్రేము మీద పెన్సిల్‌తో గీత పెట్టి అంతవరకు కొలవండి. 470 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, రాసుకోండి. ఇప్పుడు స్టాండ్ తీసి మీరు ఎక్కి కూర్చోండి, కాళ్లు రెండూ ఫుట్‌రెస్టుల మీద పెట్టాలి, ముందు ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి, ఇంకొకరు అదే చోట మళ్లీ కొలవాలి. తమ్ముడూ, టేపు వంకర పోతోంది చూడు... ఆ, ఇప్పుడు సరిగ్గా ఉంది. 446. అంటే నేను కూర్చుంటే 24 దిగింది.

ఈ రకం పాత బైకులకు వెనక చక్రం మొత్తం కదలిక సుమారు 80 మిల్లీమీటర్లు. మనిషి కూర్చుంటే అందులో పావు వంతు నుంచి మూడో వంతు దిగాలి, అంటే 20 నుంచి 27 దాకా. ఒక్కరు కూర్చుంటేనే 40 దాటి దిగిందంటే స్ప్రింగు పని అయిపోయింది. అలాంటి బండిని లేపినా, గుంతలో పడినప్పుడు మళ్లీ అడుగంటుతుంది, నడుం మళ్లీ విరుగుతుంది.

ఇంకోటి, సీటు వెనక గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి పైకి వచ్చి ఆగాలి. ఎగిరెగిరి ఊగుతుంటే లోపల ఊగుడును ఆపే డ్యాంపరు పోయినట్టు. షాకు, అంటే షాక్ అబ్జార్బరు, దాని కడ్డీ మీద ఆయిలు తడి, దాని మీద దుమ్ము ముద్దగా పేరుకుని ఉంటే ఇక చెప్పక్కర్లేదు, జత మార్చేయండి. ఒక్కటే మారుస్తానంటే ఒప్పుకోవద్దు. ఒకవైపు గట్టిది, ఒకవైపు మెత్తది ఉంటే, వెనక చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఆడే చేయి, అదే స్వింగ్ ఆర్మ్, మెలిపడుతుంది.

[షాకు కింది కాలర్ క్లోజప్, సి-స్పానర్ తిప్పుతూ]

ఈ మెట్లు చూడండి, చాలా బండ్లకు ఐదు ఉంటాయి. పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు గట్టిపడిందని అనుకుంటారు. స్ప్రింగు అదే స్ప్రింగు, గట్టితనం ఏమీ మారదు. మీరు కూర్చున్నప్పుడు బండి తక్కువ దిగుతుంది, అంతే. మెయిన్ స్టాండ్ మీద కొలిస్తే ఆ 470 అలాగే ఉంటుంది. ఇద్దరు తిరిగే బండికి, వెనక శెనక్కాయ మూట కట్టే బండికి చాలాసార్లు ఇదే సరిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. రెండు వైపులా ఒకే మెట్టు పెట్టండి.

సరే, అన్నీ బాగున్నా ఎత్తు కావాలంటారా. అప్పుడు పొడవాటి షాకు వేయాలి. పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య దాకా ఉండేదే షాకు పొడవు. షాకు కింది చివర యాక్సిల్‌కు కొంచెం ముందు ఉంటుంది, పైగా వాలి ఉంటుంది కాబట్టి షాకు 20 పెంచితే చక్రం దగ్గర అంతకంటే ఎక్కువే లేస్తుంది. నన్నడిగితే వెనక 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం, అదే హద్దు.

ఎందుకంటే వెనక లేపితే మారేది ముందు. రెండు చక్రాల మధ్య దూరం 1250 అనుకుంటే, వెనక అంగుళం లేస్తే బండి మొత్తం ఒక డిగ్రీకి కాస్త పైగా ముందుకు వంగుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఆ మేరకు నిటారు అవుతుంది, ఆ చక్రాన్ని తిన్నగా పట్టి ఉంచే ట్రెయిల్ అనే కొలత ఆరేడు మిల్లీమీటర్లు తగ్గుతుంది. టౌన్‌లో ఏడురోడ్ల దగ్గర సందులో దూరడానికి భలే ఉంటుంది, హ్యాండిల్ ఇట్టే తిరుగుతుంది. అదే బండితో రాయచోటి వైపు నుంచి గువ్వలచెరువు ఘాట్ దిగండి. బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు పడుతుంది, ఫోర్కు ఇంకా కుంగుతుంది, ఫోర్కు మరింత నిటారు అవుతుంది, మలుపులో హ్యాండిల్ తనంతట తానే లోపలికి పడిపోతున్నట్టు ఉంటుంది. పక్కనే లారీ. ఆ టెన్షన్ మీకెందుకు? రెండు మూడు అంగుళాలు లేపిన బండ్లను చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

[లేత్ మీద చేసిన ముక్క చేతిలో]

ఇదిగో ఈ ముక్క. పాత షాకు కింద తగిలించే ఎక్స్‌టెన్షన్. చవక, పది నిమిషాల పని. కానీ షాకు నేరుగా తోయడానికి చేసింది, మధ్యలో ఇంకో కీలు పెడితే గుంత తగిలిన ప్రతిసారీ అది పక్కకు వంగాలని చూస్తుంది. ఇక షాకు చివర కోసి వెల్డింగ్ పెట్టించడం అసలొద్దు. గ్యాస్ షాకుకు మంట గానీ డ్రిల్ గానీ తగిలించారో, అది పేలొచ్చు. సరైన పొడవు షాకులే జతగా కొనండి.

[చైను క్లోజప్]

వేశాక అందరూ వదిలేసేది చైను. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనక యాక్సిల్, ఈ మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. లేపిన బండికి స్టాండ్ మీద చక్రం ఇంకా కిందికి వేలాడుతుంది, కాబట్టి అక్కడ సరిగ్గా ఉందనుకున్న చైను మనిషి ఎక్కగానే తీగలా లాగేస్తుంది, గేర్‌బాక్స్ బేరింగ్ మీద పడుతుంది. రెండు షాకుల కింది బోల్టులు తీసేసి, చక్రాన్ని చేత్తో ఆ గీత దాకా ఎత్తండి, అక్కడ కూడా చైను కాస్త ఆడాలి. చైను స్వింగ్ ఆర్మ్ పైన రబ్బరును రాస్తోందేమో కూడా ఒక చూపు చూడండి.

వెనక బ్రేకు రాడ్డు, బ్రేకు లైటు స్విచ్ మళ్లీ సర్దుకోవాలి. సైడ్ స్టాండ్ పొట్టిదైపోతుంది, బండి బాగా వాలుతుంది, దానికి ముక్క అతికించక తప్పదు. మెయిన్ స్టాండ్ వేసినా చక్రం నేలకు తగలొచ్చు. హెడ్‌లైటు కూడా డిగ్రీ కిందికి చూస్తుంది, 25 మీటర్ల దూరంలో వెలుగు అర మీటరు కిందికి పడుతుంది, రాత్రి పులివెందుల రోడ్డులో గేదె అడ్డమొస్తే తెలుస్తుంది దాని విలువ. గోడ మీద వెలుగు చూసి సరిచేయండి.

పోలీసుల సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అందుకే నేనైతే కంపెనీ పొడవు కొత్త షాకులు వేసి, మెట్టు సర్ది వదిలేస్తా.

[హ్యాండిల్ మీద చేతులు, ఖాళీ రోడ్డు]

ఏం చేసినా, నట్లు బిగించాక ముందు ఖాళీ రోడ్డులో ఒక్కరే తోలి చూడండి. హ్యాండిల్‌ను వదులుగా పట్టుకుని, నెమ్మదిగా వేగం పెంచుతూ, మధ్యలో బ్రేకు మెల్లగా వేయండి. హ్యాండిల్ వణికితే ఆ రోజే పాత షాకులు వెనక్కి ఎక్కించండి.