నాచు పెరగడం వేరు, కర్బనం నిలవడం వేరు

శ్రోతలకు నమస్కారం. మన ఓరుగల్లు ప్రాంతంలో ఎండాకాలం చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకోవడం మీరెరిగినదే. ఏటేటా నీటి అడుగుకు చేరిన ఆకూ అలమూ గాలి సరిగా అందక పూర్తిగా కుళ్లకుండా ఆ మట్టిలో మిగిలిపోతాయి గనుక అందులో కర్బనం ఉంటుంది. అదే చెరువులోంచి లాగి గట్టున వేసిన గుర్రపుడెక్క మాత్రం కొద్ది వారాల్లోనే కుళ్లి, తాను పీల్చుకున్న కర్బనంలో చాలాభాగాన్ని తిరిగి గాలికే ఇచ్చేస్తుంది.

సముద్రపు నాచును పెంచితే గాలిలోని కర్బనం తగ్గుతుందని కొందరు అంటున్నారు. ఆ విషయంలోనూ ఈ తేడాయే కీలకం. చల్లని సముద్రాల్లో పెరిగే కెల్ప్ అనే పెద్ద నాచు అనుకూల పరిస్థితుల్లో రోజుకు అరమీటరు దాకా సాగుతుంది. ప్రపంచమంతటా సహజంగా పెరిగే నాచు నుంచి ఏటా సుమారు 17.3 కోట్ల టన్నుల కర్బనం లోతు సముద్రానికీ అడుగు మట్టికీ చేరి నిలిచిపోతోందని 2016లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయినా బొగ్గు, చమురు, సహజవాయువులను మండించి మనం ఏటా వదిలే దాదాపు వెయ్యి కోట్ల టన్నుల కర్బనంలో ఇది రెండు శాతం కూడా కాదు. పైగా ఇది ప్రకృతి ఎప్పటినుంచో చేస్తున్న పనే తప్ప కొత్తగా వచ్చి చేరినది కాదు.

అయితే నాచును ఇంకా విరివిగా పెంచి, వెయ్యి మీటర్ల లోతున ముంచేస్తే సరిపోదా అని కొందరు అడుగుతున్నారు. నాచు కర్బనాన్ని తీసుకునేది నేరుగా గాలినుంచి కాదు, నీటినుంచి. ఆ లోటును గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పూడ్చడానికి నెలలు పడుతుంది; ఈలోగా ఆ నీరు లోతుకు జారిపోతే గాలికి ఒరిగేది స్వల్పమే. అంతేకాక, నాచు వాడుకునే నత్రజని, భాస్వరం మీదనే కంటికి కనిపించని సూక్ష్మ వృక్షజాలమూ ఆధారపడి ఉంటుంది. ఒకచోట పెంచిన మేర మరోచోట తగ్గితే లెక్క మారిపోతుంది. ముంచిన రాశి కుళ్లేటప్పుడు అడుగున ఉండే జీవులకు ఆక్సిజన్ కొరవడే ప్రమాదమూ ఉంది. ఇవన్నీ తేలకముందే కర్బన క్రెడిట్లు, అంటే ఇంత కర్బనాన్ని గాలినుంచి తొలగించామని చెప్పే పత్రాలు, అమ్మడం సరికాదని నా దృఢమైన అభిప్రాయం.

తమిళనాడు రామనాథపురం తీరంలో మహిళలు వెదురు తెప్పలకు కట్టి, సుమారు 45 రోజులకొకసారి కోసే నాచు మాత్రం వేరే సంగతి. ఆహార పరిశ్రమకూ, మన పత్తి చేలలో పిచికారీ చేసే ద్రావణాలకూ పోయే ఆ పంటలోని కర్బనం త్వరలోనే గాలిలో కలుస్తుంది. కానీ దున్నకుండా, ఎరువు వేయకుండా, మంచినీటి చుక్క వాడకుండా అది ఆ కుటుంబాలకు కూడు పెడుతోంది.