నానా వాస్కొన్‌సెలోస్ ‘సౌదాడెస్’ రివ్యూ: ముందు ఒంటితీగ, వెనక ఆర్కెస్ట్రా

నమస్తే అండీ. ఇవాళ బ్రెజిల్ పెర్కషనిస్టు (తాళవాద్యకారుడు) నానా వాస్కొన్‌సెలోస్ ఆల్బమ్ ‘సౌదాడెస్’ విందాం. దీన్ని ఫోన్ స్పీకర్లో మాత్రం పెట్టకండి. అసలు రుచంతా మంద్రంలో ఉంది, చిన్న స్పీకర్లో అది వినపడదు. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

నానా 1944లో బ్రెజిల్ ఈశాన్యాన రెసీఫెలో పుట్టారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసుల మరకతూ డప్పులు, పోర్చుగీసు గిటారు, రెండూ ఉన్న ఊరది. పన్నెండేళ్లకే తండ్రితో కలిసి బ్యాండ్‌లో వాయించారు. తర్వాత రియోలో గాయకుడు మిల్టన్ నాసిమెంటోతో పనిచేశారు. 1970 ప్రాంతంలో అర్జెంటీనా శాక్సఫోనిస్టు గాటో బార్బియేరి వెంట న్యూయార్క్, యూరప్ తిరిగి ప్యారిస్‌లో ఉండిపోయారు. అక్కడ మానసిక చికిత్సాలయంలో పిల్లలతో కూడా పనిచేశారు.

వలస వచ్చిన పెర్కషనిస్టుని జాజ్ బ్యాండ్‌లో సాధారణంగా ఓ మూల కూర్చోబెడతారు, తాలింపు గింజల్లా అక్కడక్కడా చల్లడానికి. ఈ ఆల్బమ్ ఆ వరస తిరగేసింది. 1979 మార్చిలో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో రికార్డింగ్ జరిగింది. ముందు నానా వాయించే ఒంటితీగ వాద్యం బెరింబావు, వెనక స్టుట్‌గార్ట్ రేడియో సింఫనీ ఆర్కెస్ట్రా తీగవాద్యాలు. వాటి అరేంజ్‌మెంట్ బ్రెజిల్ గిటారిస్టు ఎగ్‌బెర్టో జిస్మోంటిది.

బెరింబావు సంగతి కాస్త చూద్దాం, లేకపోతే మొదటి ట్రాక్ అర్థం కాదు. అంగోలా వైపు నుంచి వచ్చిన విల్లు వాద్యం ఇది. దాదాపు మీటరున్నర వింటిబద్ద, దానికి ఉక్కు తీగ (ఇప్పుడు పాత కారు టైర్లలోంచి తీస్తారు), కిందివైపు ఎండిన సొరకాయ బుర్ర. బుర్రని కట్టే దారం వింటిబద్దనీ తీగనీ కలిపి చుడుతుంది. దాని కింద చిటికెన వేలు పెట్టి బరువు మోయాలి. అదే చేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య రాయి లేదా నాణెం ఉంటుంది. తీగకి గట్టిగా నొక్కితే శ్రుతి పెరుగుతుంది, ఊరికే తాకిస్తే జుమ్మంటుంది. రెండో చేతిలో పుల్ల, కషిషి గిలక. బుర్ర నోరు పొట్టకి ఆనిస్తే నాదం మూసుకుంటుంది, దూరం జరిపితే తెరుచుకుంటుంది. ఎప్పుడూ ఆనించే ఉంచితే అంతా మొద్దుబారుతుంది, కొత్తవాళ్లకి ఎక్కువగా జరిగేది ఇదే.

కాపొయెరా అనే బ్రెజిల్ యుద్ధక్రీడ, నాట్యం కలిసిన ఆటలో బెరింబావు పని ఆట వేగాన్ని నడపడం. ఇక్కడ మొదటి ట్రాక్ ‘ఓ బెరింబావు’లో నానా దాన్ని దాదాపు 19 నిమిషాలు సోలో వాద్యంగా నడిపించారు. తీగకి ఉన్న స్వరాలు కొన్నే కాబట్టి రాగం కోసం ఎదురుచూడకండి, బుర్ర తెరుచుకోవడం, మూసుకోవడం పట్టుకోండి. ఆయనే గొంతు కూడా కలుపుతారు.

‘సెగో అడెరాల్డో’ ట్రాక్‌లో జిస్మోంటి గిటారు ఉంది. ఆ పేరు బ్రెజిల్‌లోని సెయరా రాష్ట్రానికి చెందిన అంధ జానపద కవిది. నాకు బాగా నచ్చింది ఇదే, ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయించినట్టుంటుంది. ఆర్కెస్ట్రా విషయంలో అలా చెప్పలేను. కొన్నిచోట్ల తీగవాద్యాలు నానాతో మాట్లాడకుండా వాటి పాటికి అవి పోతుంటాయి, తాళం పట్టు సడలుతుంది.

నచ్చితే తర్వాత ‘కొడోనా’ వినండి. నానా, ట్రంపెట్ వాయించే డాన్ చెర్రీ, కొలిన్ వాల్‌కాట్ ముగ్గురి బృందమది. వాల్‌కాట్ రవిశంకర్, అల్లారఖాల దగ్గర నేర్చుకున్న మనిషి కాబట్టి బెరింబావు పక్కన సితార్, తబలా వినిపిస్తాయి. ఆర్కెస్ట్రా భారం లేదు, కొత్తవాళ్లకి ‘సౌదాడెస్’ కంటే అదే తేలిక.