గుమ్మం బయట కూర్చుని విన్నవాళ్లు

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ ఎండలో రెండేసి బస్సులు మారి వచ్చిన విద్యార్థులకు ప్రత్యేకంగా నమస్కారం.

మా చిన్నప్పటి ఇల్లు వన్‌టౌన్‌లో. డాబా ఎక్కితే పోర్టు దగ్గర మూడు కొండలు కనపడేవి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మరియమాత చర్చి. విశాఖ గురించి రాసేవాళ్లందరూ ఈ మూడు కొండలనూ తలుచుకుని, మతసామరస్యం అని రాసి ఊరుకుంటారు. కొండలు పక్కపక్కన ఉంటే సరిపోదు. వాటి కింద ఉన్న మనుషులు ఒకరి మాట ఒకరు విన్నారా అన్నది నా ప్రశ్న. జీవితమంతా అలా వినడానికే పెట్టిన వాల్టర్ హోలెన్‌వేగర్ అనే స్విస్ పండితుడి గురించి ఈరోజు మాట్లాడతాను. ఆయన దగ్గరికి వెళ్లే ముందు మా ఇంటి ముందుగదిలోకి ఒకసారి రండి.

మా మామ్మ పెంతెకొస్తు విశ్వాసి. పరిశుద్ధాత్మ ఇప్పటికీ మనుషుల మీదికి దిగి స్వస్థతలూ దర్శనాలూ ఇస్తుందని నమ్మే క్రైస్తవ శాఖ అది. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆ గదిలోనే. రెండు చాపలు, ఒక కంజర. పదిహేను మంది కూర్చుంటే మోకాళ్లు ఒకదానికొకటి తగిలేవి. పాట ఎత్తుకునేది చదువు రాని ఒకావిడ. చదువు వచ్చినవాళ్లు పుస్తకంలో ఆ పాట వెతుక్కునే లోపు ఆవిడ రెండో చరణంలో ఉండేది. తర్వాత సాక్ష్యాలు. పోర్టులో కలాసీగా చేసే మొగుడు తాగుడు మానేశాడని ఒకావిడ చెప్పేది. కలలో తెల్లబట్టల మనిషి వచ్చి కాలు ముట్టుకున్నాడని, తెల్లారి లేచి నడిచానని ఒకాయన చెప్పేవాడు. మధ్యలో స్తోత్రం, స్తోత్రం అని అందరూ అందుకునేవాళ్లు.

మా పక్కింటి పిన్ని మాత్రం లోపలికి వచ్చేది కాదు. గడప అవతల, చెప్పుల పక్కన, ద్వారబంధానికి ఆనుకుని కూర్చునేది. ఒళ్లో పిల్లాడు. ప్రార్థన అయ్యాక మామ్మ అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, కళ్లు మూసుకుని ఏదో అని, ఆ పిల్లాడి నుదుటికి రాసేది. మార్గశిర మాసం వస్తే పిన్ని గురువారం తెల్లవారకముందే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర లైన్లో ఉండేది. భక్తులే తమ చేతులతో పూజ చేసుకునే గుడి అది. మర్నాడు శుక్రవారం, మళ్లీ మా గుమ్మం దగ్గర. ఆవిడ ఏదో ఒక వైపు తేల్చుకోవాలని ఒక పెద్దాయన మామ్మతో అన్నాడు. "వినడానికి వచ్చింది, విననివ్వండి అయ్యగారూ" అంది మామ్మ.

ఎం.ఏ. చరిత్ర చదివే రోజుల్లో ఈ గది గురించి వ్యాసం రాస్తానని ఒక మాస్టారిని అడిగాను. "ఏడుపులూ ఊగడాలూ చరిత్ర ఎలా అవుతాయమ్మా, రికార్డులు ఏవి?" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. జవాబు నాకు తెలియక ఏడ్చాను.

ఆ జవాబు చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో దొరికింది. రాసినాయన ఈ హోలెన్‌వేగరే. 1927లో యాంట్‌వెర్ప్‌లో పుట్టి జ్యూరిక్‌లో పెరిగిన స్విస్ మనిషి. యువకుడిగా పెంతెకొస్తు పాస్టరు. సంఘంతో పొసగక బయటికి వచ్చి, యూనివర్సిటీలో చేరి, తర్వాత స్విస్ రిఫార్మ్‌డ్ అనే పాత ప్రొటెస్టెంట్ సంఘంలో బోధకుడయ్యారు. అలా బయటికి వచ్చినవాళ్లు మామూలుగా పాత ఇంటి వైపు చూడరు, చూస్తే రాళ్లు వేస్తారు. ఈయన మాత్రం ఆ ఉద్యమం మీదే పది సంపుటాల పరిశోధన రాశారు. దానికి జ్యూరిక్ యూనివర్సిటీ 1966లో డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి పెద్ద యూనివర్సిటీల్లో పెంతెకొస్తును ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఆ చదువుకు పునాదిరాయి వేసింది ఈయనే అంటే అతిశయోక్తి కాదు.

దాని సారంగా 1972లో ఇంగ్లీషులో 'ది పెంటెకోస్టల్స్' వచ్చింది. దాని అంకితం చూడండి. బైబిలును ప్రేమించడం నేర్పిన పెంతెకొస్తు స్నేహితులకూ గురువులకూ, దాన్ని అర్థం చేసుకోవడం నేర్పిన ప్రెస్బిటేరియన్, అంటే రిఫార్మ్‌డ్ శాఖ, గురువులకూ స్నేహితులకూ అని ఉంటుంది. నేను ఆ పేజీ దాటడానికి చాలాసేపు పట్టింది. మా మామ్మా, మా మాస్టారూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నట్టు అనిపించింది.

1965 నుంచి 1971 వరకు ఆయన జెనీవాలో, ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలిలో పనిచేశారు. 1971లో బర్మింగ్‌హామ్‌లో మిషన్ అధ్యయన ఆచార్యుడయ్యారు, 1989లో రిటైరయ్యే దాకా అక్కడే. ఆయన అసలు పని నాకు అక్కడే కనపడుతుంది.

పెంతెకొస్తు ఎక్కడ మొదలైంది అంటే, 1901లో కాన్సాస్‌లో చార్లెస్ పర్హామ్ అనే తెల్ల బోధకుడి బైబిలు స్కూల్లో అని చాలామంది చెప్పేవాళ్లు. హోలెన్‌వేగర్ వేలు ఇంకో మనిషి వైపు చూపించారు. విలియం సీమోర్, 1870లో లూసియానాలో పుట్టిన నల్లజాతి మనిషి. తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. హ్యూస్టన్‌లో ఇదే పర్హామ్ పాఠం చెబుతుంటే, జాతివివక్ష చట్టాల వల్ల సీమోర్‌కి గదిలో చోటు లేదు. బయట కూర్చుని, తెరిచి ఉంచిన తలుపులోంచి విన్నాడు. 1906లో లాస్ ఏంజెలస్ వెళ్లాడు. పిలిచిన సంఘమే తలుపుకి తాళం వేసింది. చివరికి అజూసా వీధిలో, గుర్రపుశాలగా వాడిన ఒక పాత చర్చి భవనంలో కూడికలు పెట్టాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికన్లు ఒకే నేల మీద మోకరించారు. పత్రికలు ఎగతాళి చేశాయి.

బయట కూర్చుని విన్నవాడు. ఆ ముక్క చదివినప్పుడు నాకు మా గుమ్మం, చెప్పులు, పిన్ని గుర్తొచ్చారు.

ఈ సీమోర్ జీవితం మీద డగ్లస్ నెల్సన్ 1981లో బర్మింగ్‌హామ్‌లోనే పీహెచ్‌డీ చేశారు. ఆ నల్లజాతి మూలం నుంచి ఉద్యమానికి ఏం వచ్చిందో హోలెన్‌వేగర్ స్పష్టంగా చెప్పారు. నోటితో నడిచే ఆరాధన. కథగా, సాక్ష్యంగా చెప్పే దైవశాస్త్రం. ప్రార్థనలోనూ నిర్ణయంలోనూ అందరి భాగం. కలలకూ దర్శనాలకూ చోటు. శరీరాన్నీ మనసునీ విడదీయని స్వస్థత ప్రార్థన. మా ముందుగదిని చూసి రాశారా అనిపిస్తుంది! రికార్డులు ఏవి అని అడిగిన మాస్టారికి నా జవాబు ఇది: ఆ పాట ఎత్తుకున్నావిడే రికార్డు.

మన ఊరి సంగతే తీసుకోండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఒకరు చనిపోయారు. వాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. పక్కన కూర్చుని తెలుగు మాట అందించిన ఆనందరాయర్ పేరు ఈ సభలో ఎంతమంది విన్నారు?

బర్మింగ్‌హామ్‌లో కరీబియన్ నుంచి వలస వచ్చిన నల్లజాతి సంఘాలు ఉన్నాయి. వాటి పాస్టర్లలో చాలామందికి పొట్టకూటికి వేరే ఉద్యోగం. వాళ్లను యూనివర్సిటీ గుమ్మం లోపలికి తేవడానికి 1978లో నల్ల, తెల్ల క్రైస్తవుల భాగస్వామ్య కేంద్రం మొదలైంది. హోలెన్‌వేగర్ దాని వెనక ఉన్నారు. తెల్ల సంఘాలవాళ్లు కూడా అక్కడ విద్యార్థులుగానే కూర్చున్నారు. ఒక ఆచార్యుడు పుస్తకాలు రాయడం నాకు గొప్పగా తోచదు, అది ఆయన ఉద్యోగం. ఆ కుర్చీలు అలా వేయించడం గొప్ప.

ఆ బర్మింగ్‌హామ్‌కి మన తెలుగువాడు ఒకాయన వెళ్లారు. పులిదిండి సాల్మన్‌రాజు. లూథరన్ పండితుడు, బాతిక్ మీద, చెక్కచెక్కడాల మీద క్రీస్తు కథ చెప్పిన చిత్రకారుడు, విజయవాడ మనిషి. ఆయన పరిశోధన దేవదాసు అయ్యగారి బైబిలు మిషను మీద. 1938లో లూథరన్ సంఘం వదిలి అయ్యగారు మొదలుపెట్టిన మిషను అది. సన్నిధిలో కనిపెట్టడం, అంటే దేవుడి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం, దర్శనాలు, స్వస్థత, తెలుగు కీర్తనలు. పల్లెటూరి విశ్వాసంగా పెద్ద సంఘాలు చిన్నచూపు చూసిన దాన్ని సాల్మన్‌రాజు గారు గౌరవంగా చదివారు. 1986లో పుస్తకంగా వచ్చింది, హోలెన్‌వేగర్ సంపాదకుల్లో ఒకరైన గ్రంథమాలలోనే. మన విద్యార్థులు దాన్ని చదవాలని నా కోరిక.

హోలెన్‌వేగర్ చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. అజూసా మీద ఆయన చూపు మరీ ఎక్కువసేపు నిలిచిపోయింది. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంలో అరుళప్పన్ అనే తమిళ బోధకుడి సంఘాల్లో 1860లోనే ఉజ్జీవం, అంటే విశ్వాసం ఒక్కసారిగా రగలడం, వచ్చి, ఆత్మావేశంలో తమకు తెలియని భాషలు మాట్లాడారు. పూణే దగ్గర కేడ్‌గావ్‌లో, పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో 1905లో, అంటే అజూసాకి ముందే, ఆడపిల్లల మధ్య ఉజ్జీవం వచ్చింది. దాని గురించి అక్కడ పనిచేసిన మినీ ఏబ్రమ్స్ రాసిన చిన్న పుస్తకం చిలీకి చేరి, 1909లో అక్కడ పెద్ద ఉద్యమానికి దారితీసింది. బర్మింగ్‌హామ్‌లోనే తర్వాత ఆచార్యుడైన అలన్ ఆండర్సన్ ఈ అనేక కేంద్రాల సంగతి గట్టిగా చెప్పారు. నల్లవాడి పేరు నిలబెట్టిన హోలెన్‌వేగర్ పనిని ఆండర్సన్ మన రమాబాయి దాకా తెచ్చారు. ఇక మన దగ్గరికొస్తే, ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో రిజిస్టర్ అయింది ఏలూరులో.

మతాల మధ్య సంభాషణ విషయంలో హోలెన్‌వేగర్ మాట చాలామందికి ఇబ్బంది. కలగలుపు అంటే, వేరే మతాల పద్ధతులు తమలో కలవడం అంటే, క్రైస్తవులకి భయం. యూరప్ క్రైస్తవం కూడా కలగలుపే కదా, బాధ్యతగా కలుపుతున్నామా లేదా అన్నదే అడగాలి అన్నారాయన. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలకు రాగం, తాళం ఎక్కడివి? వాటిని తీసేస్తే తెలుగు ఆరాధనలో ఏం మిగులుతుంది? మలేషియాలో పుట్టి, ఫుల్లర్ సెమినరీలో డీన్ అయిన ఏమోస్ యాంగ్ ఇంకొంచెం ముందుకెళ్లారు. బైబిల్లో పెంతెకొస్తు దినాన శిష్యుల మీదికి దిగి అన్ని భాషల్లోనూ పలికిన ఆత్మ అన్యమతాల వాళ్ల మాటల్లో కూడా పలకవచ్చు, కాకపోతే వివేచించాలి అంటారు. బౌద్ధంతో సంభాషణ మీద ఒక పుస్తకమే రాశారు. తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాల పక్కన బతుకుతున్న మనకి అది దూరపు విషయం కాదు.

ఆ వివేచన అన్న మాట నాకు ముఖ్యం. మా ముందుగదిలో అన్నీ మంచివే జరగలేదు. ఆడవాళ్లే పాడేవాళ్లు, ఆడవాళ్లే వండేవాళ్లు, నిర్ణయాలు మాత్రం మగవాళ్లవి. మందులు మానేసి ప్రార్థన ఒక్కటే నమ్ముకున్న మా బంధువును పోగొట్టుకున్నాం. ప్రేమ ఒక్కటే ఉంటే ఇది రాయలేం, అర్థం చేసుకోవడం ఒక్కటే ఉంటే ఆ నూనె రాసిన చేతిని చూడలేం.

విద్యార్థులకు ఒకటే అడుగుతాను. మీ వీధిలో సాక్ష్యం చెప్పే ముసలావిడ ఉంటే, దర్గాలో ఊదు వేసే పెద్దాయన ఉంటే, ఫోన్ తీసి, వాళ్లని అడిగి, రికార్డు చేయండి. ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు విన్నారు అన్నది రాసుకోండి.

మా పిన్నికి ఇప్పుడు ఎనభై దాటాయి. గాజువాకలో కూతురి దగ్గర ఉంటుంది. పోయిన నెల వెళ్లి ఫోన్ ముందు పెట్టి అడిగాను, అన్నేళ్లలో ఒక్కసారీ లోపలికి ఎందుకు రాలేదు పిన్నీ అని. మామ్మ ఎప్పుడూ గుమ్మం వైపు తిరిగి, అందరికంటే ముందు కూర్చునేది.

"లోన కూకుంటే మీ మామ్మ ఈపే కనబడతాది పిల్లా. గుమ్మం కాడైతే మొకం కనబడేది" అంది.

ఆ రికార్డింగులో ఆవిడ పాడిన పాట సగమే ఉంది. మిగతా సగం కోసం వచ్చే శుక్రవారం మళ్లీ వెళ్తున్నాను.