మెట్లు న్యూయార్క్‌లో, మనం పార్కులో

వేదిక మీది పెద్దలకు, లోపల గరిటెలు తిప్పుతున్న అమ్మలకు, వెనక వరసలో అప్పుడే గడియారం చూసుకుంటున్న మిత్రులకు ఉగాది శుభాకాంక్షలు. సాహిత్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. కవి సమ్మేళనం ఎలాగూ ఉంది కాబట్టి ఆ పని కవులకు వదిలేసి, నేను లండన్ పక్కనున్న మన వాట్‌ఫర్డ్ పాత బంగళాల గురించి చెబుతాను. అధ్యక్షులవారు నావైపు అలా చూడకండి, ఈ మైకు మళ్ళీ ఏడాదికి గానీ నా చేతికి రాదు.

ఎండ కాస్తే చాలు, మనలో సగం మంది క్యాసియోబరీ పార్కులో తేలతాం. పిల్లలు నీళ్ళలో దిగుతారు, మనం చెట్టు కింద పులిహోర డబ్బాలు విప్పుతాం. అది ఒకప్పుడు ఒక ఇంటివాళ్ళ తోట. మన పిల్లలకు ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల పేర్లూ కంఠతా వచ్చు. ఆయన మఠాలు మూయించి, సెయింట్ ఆల్బన్స్ మఠం భూమిలో ఈ ముక్కను 1546లో తన కొలువులోని రిచర్డ్ మోరిసన్‌కు ఇచ్చాడని మాత్రం తెలియదు. తర్వాత అది పెళ్ళి సంబంధంతో కేపెల్ వంశానికి, అంటే ఎసెక్స్ ఎర్ల్‌లనే ప్రభువులకు చేరింది. 1670లలో హ్యూ మే అనే వాస్తుశిల్పి వాళ్ళకు గొప్ప భవనం కట్టిపెట్టాడు. 1800 ప్రాంతంలో జేమ్స్ వయట్ అనే మరో వాస్తుశిల్పి దాన్ని చాలావరకు మార్చి గోతిక్ వేషం, అంటే మధ్యయుగపు చర్చిల వేషం వేశాడు.

1916లో ఏడో ఎర్ల్‌ను టాక్సీ గుద్దింది, ఆయన పోయాడు. వారసత్వపు పన్ను నెత్తిన పడింది. 1922లో ఇల్లూ వాకిలీ వేలానికి పెట్టారు. సామాన్లు అమ్మడానికే రోజులు పట్టింది. ఖాళీ ఇంటిని కొనేవాడు లేక 1927లో పడగొట్టేశారు. 300 టన్నుల పాత ఓక్ కలప, 10,000 ట్యూడర్ కాలపు, అంటే ఆ హెన్రీ వంశం నాటి ఇటుకలు అమ్ముతామని ప్రకటన ఇచ్చారండీ! మన ఊళ్ళలో మండువా లోగిలి పడగొట్టి ద్వారబంధాలు అమ్ముకున్నట్టే.

ఇక మెట్లు. నేను మైకు పట్టుకున్నదే వీటి కోసం. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. వెళ్ళినప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు తీసుకెళ్ళింది. బొమ్మలు చూస్తూ నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. ఎదురుగా మన క్యాసియోబరీ భవనం మెట్లు! కటకటాలు ఉండాల్సిన చోట చెక్కలో అల్లుకుపోయిన తీగలు, వాటి మధ్య ఓక్ ఆకులు, ఓక్ కాయలు. ఆ పని పేరుమోసిన చెక్క శిల్పి గ్రిన్లింగ్ గిబ్బన్స్‌ది అని చాలాకాలం అనుకున్నారు, ఇప్పుడు ఎడ్వర్డ్ పియర్స్‌ది అంటున్నారు. 1932లో మ్యూజియం కొన్నది. నేను కదలకుండా నిలబడ్డాను. "అమ్మకపోతే అవి కూడా పొయ్యిలోకి పోయేవి కదా నాన్నా" అంది మా అమ్మాయి. కావచ్చు. నా కోపం మాత్రం తగ్గలేదు. ఆ ఓక్ ఆకులు చూడ్డానికి వాట్‌ఫర్డ్ వాడు విమానం ఎక్కాలా, చెప్పండి? ఇంకా వినండి, పార్కు ముఖద్వారపు భవనం మిగిలింది కదా అనుకుంటే, 1970లో రోడ్డు వెడల్పు చేస్తూ దాన్నీ కూల్చేశారు. రోడ్డు వెడల్పు అనే మాట వింటే చాలు నాకు బీపీ పెరుగుతుంది.

అధ్యక్షులవారు చీటీ పంపారు. సరే, తొందరగా కానిస్తాను.

బతికిన ఇళ్ళన్నీ ఎవరో ఒకరికి పనికొచ్చి బతికాయి. క్లారెండన్ ఎర్ల్‌ల ఇల్లు ది గ్రోవ్ చూడండి. రెండో ప్రపంచ యుద్ధం రాగానే రైల్వే కంపెనీ గుమస్తాలు లండన్ నుంచి బల్లలతో సహా అక్కడికి దిగారు. ఇప్పుడది హోటల్, 2003లో తెరిచారు. అందులో కాఫీ ధర ఈ సభలో చెప్పను. వాల్ హాల్ అనే ఇంకో బంగళా టీచర్ల శిక్షణ కళాశాల అయింది, ఆ తర్వాత ఫ్లాట్లయింది. ఫ్లాట్లంటే నాకు ప్రేమ లేదు గానీ, గోడలు నిలిచాయి.

పిగట్స్ మేనర్ అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు. భక్తివేదాంత మేనర్ అంటే అందరూ తలూపుతారు! 1973లో బీటిల్స్ జార్జ్ హారిసన్ కొని ఇస్కాన్‌కు ఇచ్చిన ఇల్లు అది. అంతకుముందు అక్కడ నర్సులకు శిక్షణ ఇచ్చేవారు. కృష్ణాష్టమికి కార్లు బారులు తీరితే ఆ చిన్న పల్లెవాళ్ళకు కష్టంగానే ఉండేది, అది వాళ్ళ తప్పు కాదు. ఏళ్ళ తరబడి గొడవ నడిచింది. చివరికి 1996లో వేరే దారి వేసుకుని పూజలు చేసుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. గోశాలలో ఫొటోలు తీసుకున్నారు కదా మీరంతా, ఈసారి ఇంటి ముఖం కూడా ఒకసారి చూడండి. విక్టోరియా కాలంలో ట్యూడర్ వేషం వేసిన ఇల్లది.

రెండో చీటీ కూడా వచ్చింది. చివరిమాట. వచ్చే ఆదివారం పదింటికి పార్కు గేటు దగ్గర ఉంటాను. ఇల్లు ఎక్కడ నిలిచేదో, తోట ఎంతదాకా ఉండేదో నడుస్తూ చూపిస్తాను. పిల్లల్ని తీసుకురండి. గేడ్ నది ఒడ్డు బురదగా ఉంటుంది, పట్టుచీరలు వద్దు, పాత బూట్లు వేసుకు రండి.