పక్కింటి నిద్ర చెడకుండా ట్రంపెట్ సాధన

శ్రోతలకు నమస్కారం.

పెళ్లి ఊరేగింపు వీధి మలుపు తిరుగుతున్నప్పుడు, డ్రమ్ముల మోతను చీల్చుకుని పాట వరుసను మన చెవిదాకా తెచ్చేది ట్రంపెట్. వీధిలో దానికి గౌరవం తెచ్చిపెట్టే ఆ గొంతే ఇంట్లో సాధన చేసేవారికి చిక్కవుతుంది. వరంగల్‌లోని గిర్మాజీపేట, మట్టెవాడ వంటి పాత పేటల్లో ఇంటికీ ఇంటికీ నడుమ ఒక్క గోడే అడ్డం. నేను అలాంటి ఇంట్లోనే ట్రంపెట్ నేర్చుకున్నాను. పదో తరగతి పరీక్షలు జరుగుతున్న రోజుల్లో ఒక రాత్రి పక్కింటి అక్క మా గడప ముందు నిలబడి, "తమ్మీ, మా పోరడు పొద్దున పరీక్షకు పోవాలె, జర ఆపరాదు" అని మెల్లగా అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉన్నది. ఆ వారంలోనే నేను శబ్దం తగ్గించడానికని ట్రంపెట్ మూతిలో బిగించే మ్యూట్ కొనుక్కొచ్చాను, కానీ కొన్నది తప్పు మ్యూట్.

నాకు దుకాణంలో ఇచ్చింది స్ట్రెయిట్ మ్యూట్. మ్యూట్ అనగానే శబ్దాన్ని అణిచేదని అనుకుంటాం గానీ, మ్యూట్లలో చాలా రకాలు శబ్దపు రంగును మార్చడానికి తయారైనవే. స్ట్రెయిట్ మ్యూట్‌కు మూడు సన్నని బెండు పట్టీలు ఉంటాయి. వాటి మధ్య ఖాళీలలోంచి గాలి, నాదం బయటికి పోతూనే ఉంటాయి, అందువల్ల ట్రంపెట్ గొంతు సన్నబడి మరింత పదునెక్కుతుంది. గట్టిగా ఊదితే ఆ పదును గోడ దాటి పోతుంది. సాధన కోసం చేసిన ప్రాక్టీస్ మ్యూట్‌కు బెండు గానీ ఫోమ్ గానీ రబ్బరు గానీ చుట్టూ ఉంగరంలా, ఎక్కడా సందు లేకుండా అమరి ఉంటుంది. లోపలి గాలి ఒకటో రెండో చిన్న రంధ్రాల గుండా మాత్రమే బయటికి వస్తుంది. కాబట్టి దుకాణంలో మ్యూట్‌ను చేతిలోకి తీసుకోగానే ముందు చూడవలసింది ఆ పట్టీనే. అది మూడు ముక్కలుగా ఉంటే, ధర ఎంతైనా, రంగు ఎంత మెరిసినా, ఇంటి సాధనకు అది పనికిరాదు.

ట్రంపెట్‌లో పెదవుల అదురు దాదాపు మీటరున్నర పొడవున్న గొట్టంలోని గాలిని ఊపుతుంది. ఆ ఊపులో ఎక్కువ భాగం వెడల్పాటి మూతి దగ్గరి నుంచి వెనక్కి తిరిగి పెదవులకు ఆసరా ఇస్తుంది, కొంత భాగం మాత్రమే నాదమై గదిలోకి వస్తుంది. మూతినే మేము బెల్ అంటాము. ప్రాక్టీస్ మ్యూట్ ఆ బయటికి వచ్చే భాగాన్ని బిరడాలా అడ్డగిస్తుంది. డెసిబెల్ లెక్కలో పది తగ్గితే మన చెవికి శబ్దం ఇంచుమించు సగమైనట్టు తోస్తుంది, మంచి మ్యూట్ అంతకంటే చాలా ఎక్కువే తగ్గిస్తుంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి పెట్టాయి, అందులో రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు గంటల దాకా. ఆ వేళల్లో బెల్ తెరిచి, అంటే మ్యూట్ లేకుండా, సాధన చేయడం ఎలాగూ కుదరదు.

అయితే శబ్దం ఎంత తగ్గిందన్న ఒక్క లెక్కతో మ్యూట్‌ను ఎంచుకోకూడదని నేను గట్టిగా చెబుతాను. బిరడా వేసినందుకు ట్రంపెట్ మన దగ్గర మూడు విధాలుగా మూల్యం వసూలు చేస్తుంది. శ్రుతి పైకి జరుగుతుంది, కింది స్థాయి స్వరాలు తడబడతాయి, ఊపిరికి ఎదురుదెబ్బ పెరుగుతుంది. శ్రుతి సంగతి ఈనాటిది కాదు. 1607లో ఇటలీలోని మాంటువాలో తొలిసారి ప్రదర్శించిన తన ఒపెరాకు, అంటే సంగీత నాటకానికి, ఆరంభ వాద్యం రాసిన స్వరకర్త మాంటెవెర్డి, ట్రంపెట్లకు మ్యూట్లు బిగించి వాయించదలిస్తే దాన్ని ఒక స్వరం పైకి ఎత్తి వాయించాలని ముద్రిత ప్రతిలోనే సూచన పెట్టాడు. నాటి మ్యూట్లు శ్రుతిని అంతగా పైకి నెట్టేవన్నమాట. నేటి మ్యూట్లు అంత అన్యాయం చేయవు గానీ, చాలావరకు శ్రుతిని ఎంతో కొంత ఎత్తుతాయి.

అందుకని దుకాణానికి వెళ్లేటప్పుడు మీ ట్రంపెట్‌ను, ఫోనులో శ్రుతిని సూదితో చూపే ఒక ట్యూనర్‌ను వెంట తీసుకుని వెళ్లండి. మొదట మ్యూట్ లేకుండా, బటన్లేవీ నొక్కకుండా మధ్య స్థాయి జి స్వరాన్ని నిదానంగా నిలిపి సూది ఎక్కడ నిలిచిందో చూసుకోండి, తరువాత మ్యూట్ బిగించి అదే స్వరాన్ని అంతే ఊపిరితో నిలపండి. సూది కాస్త పైకి పోతే కంగారు పడనక్కరలేదు, శ్రుతి సరిచేసే జారుడు గొట్టాన్ని, అంటే ట్యూనింగ్ స్లైడ్‌ను, కొద్దిగా బయటికి లాగితే సరిపోతుంది. అసలు పరీక్ష ఆ తరువాత ఉంది. స్లైడ్ సరిచేసుకున్నాక కింది నుంచి పైకి ఒక్కొక్క స్వరమే వాయిస్తూ పోవాలి. అన్ని స్వరాలూ ఒకే మేరకు జరిగి ఉంటే ఆ మ్యూట్ నమ్మదగినది. ఒక స్వరం పైకి, ఇంకొకటి కిందికి పోతుంటే ఏ స్లైడూ దాన్ని బాగుచేయలేదు. అలాంటి మ్యూట్‌తో ఆరు నెలలు సాధన చేస్తే పెదవులు తప్పు చోటునే సరైన చోటుగా నేర్చుకుంటాయి. చివరగా మూడు బటన్లూ కలిపి నొక్కి అట్టడుగు ఎఫ్ షార్ప్‌ను నెమ్మదిగా మొదలుపెట్టండి. మ్యూట్ లోపలి ఖాళీకి, ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే మోత వంటి సొంత స్వరం ఒకటి ఉంటుంది. నాసిరకం మ్యూట్లలో అది ఈ కింది స్వరాలతో పోట్లాడి వాటిని వణికిస్తుంది. ఎఫ్ షార్ప్ గొంతు చిన్నదైనా నిలకడగా పలికితే, మిగతావన్నీ పలికినట్టే లెక్క.

బిగించే పద్ధతి కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే మంచి మ్యూట్‌ను సరిగా బిగించక చెడ్డదని తిప్పి పంపినవారిని నేను చూశాను. బెల్ లోపలికి ఒకసారి వెచ్చగా ఊపిరి వదలండి. ఇత్తడి మీద మంచు పట్టినట్టు సన్నని చెమ్మ తేలుతుంది. ఆ చెమ్మ ఆరకముందే మ్యూట్‌ను లోపలికి పెట్టి, నొక్కకుండా కొద్దిగా తిప్పితే బెండు పట్టుకుంటుంది. పొడిగా పెట్టి వదిలేస్తే అది వాయిస్తుండగా జారి బండల మీద పడుతుంది, అల్యూమినియం అయితే ఆ చప్పుడుకు అసలు ట్రంపెటే నయమనిపిస్తుంది. బిగించాక రంధ్రం ముందు అరచేయి పెట్టి ఊదండి. అక్కడ గాలి సన్నని దారంలా తగలాలి, అంచు చుట్టూ ఎక్కడా తగలకూడదు. అంచున తగిలితే బెండు మీ బెల్‌కు సరిపోలేదన్నమాట. మన బ్యాండు వాళ్ల దగ్గర మీరట్‌లో తయారైన ట్రంపెట్లు ఎక్కువ. వాటి బెల్ ఒంపు, విదేశీ కంపెనీ మ్యూట్ కొలత చక్కగా కలుస్తాయని ముందే అనుకోకూడదు. బెండు మరీ మందంగా ఉండి మ్యూట్ బయటికి పొడుచుకుని వస్తుంటే, సన్న రకం గరుకు కాగితంతో చుట్టూ సమంగా, కొంచెం కొంచెంగా అరగదీయాలి. ఒక్కరోజులో ఎక్కువ అరగదీస్తే మళ్లీ అతికించలేము.

లోహంతో చేసినవి, ప్లాస్టిక్‌వి, బెల్ లోపలే ఒదిగిపోయే పొట్టివి, ఇలా రకాలు దొరుకుతాయి. పొట్టివాటితో ఒక సుఖం ఉంది, ట్రంపెట్ ముందుకు బరువెక్కదు, పిల్లల చేతులు త్వరగా నొప్పి పుట్టవు. యమహా కంపెనీ 1990ల నుంచి సైలెంట్ బ్రాస్ పేరుతో, లోపల మైకు పెట్టిన మ్యూట్‌ను అమ్ముతోంది. వాయించేవాడు ఇయర్‌ఫోన్లలో తన నాదాన్ని తెరిచి వాయించినంత నిండుగా వింటాడు, గదిలో మాత్రం సన్నని గుసగుసే మిగులుతుంది. ధర ఎక్కువ కనుక అపార్ట్‌మెంట్లలో రోజూ రాత్రిపూట మాత్రమే సమయం దొరికే ఉద్యోగులకు అది తగినదని నా అభిప్రాయం. నేర్చుకునే పిల్లలకు మామూలు మ్యూట్ చాలు.

ఆ పిల్లల గురించే నాకు ఎక్కువ పట్టింపు. మ్యూట్ వేసినప్పుడు గాలి ఎదురు తిరుగుతుంది కనుక, నాదం రావడం లేదని వాళ్లు మౌత్‌పీస్‌ను పెదవులకు గట్టిగా అదిమి, మెడ నరాలు తేలేలా ఊదుతారు. రెండు వారాల్లో అది అలవాటవుతుంది, మానడానికి ఏళ్లు పడుతుంది. అరగంట మ్యూట్‌తో వాయిస్తే, వీలైన పగటి వేళ కనీసం అంతసేపైనా బెల్ తెరిచి వాయించాలి. పెళ్లి ముహూర్తాలు లేని ఆషాఢంలో బ్యాండు వాళ్లకు సాధనకు తీరిక దొరుకుతుంది, అప్పుడు ఊరి బయటి చెలకలకు వెళ్లి తెరిచి వాయించడం మా గురువులు పెట్టిన అలవాటు. అంత దూరం పోలేనివారు గదిలో దండెం కట్టి, ఒక మందపాటి బొంతను రెండు మడతలుగా వేసి, దాని ముందు జానెడు దూరంలో బెల్ పెట్టి మెల్లగా వాయించవచ్చు. పదునైన పై నాదాలను బొంత చాలావరకు తాగేస్తుంది, శ్రుతికీ ఊపిరికీ ఏ మార్పూ రాదు.

సాధన ముగిశాక మ్యూట్‌ను బెల్‌లోనే వదిలి పెట్టెలో పెట్టకండి. ఊపిరి తేమ దాని లోపల నీరుగా చేరుతుంది, ముఖ్యంగా వానాకాలంలో. దాన్ని తిప్పుతూ బయటికి తీసి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని విదిలించి, బెండును పొడి గుడ్డతో అద్ది, తెల్లవారేదాకా కిటికీ గట్టు మీద ఆరనివ్వండి.

నమస్కారం.